గేరు పన్ను ఎంత భారం మోయగలదు? – లూయిస్ సూత్రంపై ఒక విమర్శ

"20 పళ్ళున్న ఉక్కు పినియన్ ఒకటి ఉంది. మాడ్యూలు 10 మి.మీ., పంటి వెడల్పు 100 మి.మీ., అనుమతించదగిన ప్రతిబలం చదరపు మిల్లీమీటరుకు 100 న్యూటన్లు. పంటి బలం ఎంత?"

పాలిటెక్నిక్‌లోనో, ఇంజినీరింగు కళాశాలలోనో మెకానికల్ శాఖలో చదివేవారికి ఇలాంటి ప్రశ్న కొత్త కాదు. లూయిస్ సూత్రం రాస్తారు. విలువలు ప్రతిక్షేపిస్తారు. జవాబు కింద రెండు గీతలు గీస్తారు. మార్కులు పడతాయి. అంతటితో ఆ పంటి సంగతి తేలిపోయిందని అనుకుంటారు.

మరి ఆ జవాబును నమ్మి ఒక గేరు చేయించి, చెరకు మిల్లుకో సిమెంటు మిల్లుకో బిగించమంటే మీరు బిగిస్తారా? అది ఎన్నేళ్ళు పనిచేస్తుందో చెప్పగలరా? చెప్పలేరు. ఆ లోపం మీది కాదు. లూయిస్ సూత్రం చెప్పేది ఒక సంగతి, మన తరగతి గదులు దాని చేత చెప్పిస్తున్నది మరో సంగతి. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని కొలవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పాఠశాల విద్యార్థులు కంగారు పడనక్కరలేదు. గోడ గడియారం లోపల ఒకదానితో ఒకటి పెనవేసుకుని తిరిగే పళ్ళ చక్రాలను మీరు చూసే ఉంటారు. అవే గేర్లు. జతలో చిన్నదాన్ని పినియన్ అంటారు. ఒక చక్రం పన్ను రెండో చక్రం పంటిని తోస్తుంది. గడియారంలో ఆ తోపు నామమాత్రం. పెద్ద మిల్లులో అది టన్నుల్లో ఉంటుంది. ఆ తోపుకు పన్ను విరగకుండా నిలుస్తుందా అన్నదే ప్రశ్న.

48 సూత్రాలు, 500 శాతం తేడా

లూయిస్‌ను విమర్శించే ముందు ఆయన ఏ పరిస్థితుల్లో ఈ పని చేశాడో తెలుసుకోవాలి. 1879లో జె. హెచ్. కూపర్ అనే అమెరికన్ ఇంజినీరు గేరు పళ్ళ బలాన్ని లెక్కకట్టడానికి అప్పటికి వాడుకలో ఉన్న సూత్రాలన్నిటినీ పోగుచేసి చూశాడు. పేరున్న సూత్రాలే దాదాపు 48 తేలాయి! ఒకే గేరుకు వాటితో లెక్క వేస్తే జవాబుల మధ్య తేడా కొన్ని సందర్భాల్లో 500 శాతం దాకా వచ్చింది. అంటే ఒక సూత్రం ఒక టన్ను మోస్తుందన్న పంటిని మరో సూత్రం ఆరు టన్నులు మోస్తుందని చెప్పగలదన్నమాట.

ఆ సూత్రాల్లో చాలావాటికి ఒక పెద్ద లోపం ఉండేది. అవి పంటి పరిమాణాన్ని, వెడల్పును మాత్రమే లెక్కలోకి తీసుకునేవి. చక్రానికి ఎన్ని పళ్ళున్నాయి, పంటి ఆకారం ఏమిటి అన్నది పట్టించుకునేవి కావు. కానీ పళ్ళ సంఖ్య తగ్గేకొద్దీ పంటి మొదలు సన్నబడుతుంది. ఒకే మాడ్యూలుతో కోసిన 12 పళ్ళ పినియన్‌ను, 100 పళ్ళ చక్రాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే కంటికే ఆ తేడా తెలుస్తుంది.

లూయిస్ చేసిన మేలు

విల్ఫ్రెడ్ లూయిస్ ఫిలడెల్ఫియా నగరంలోని విలియం సెల్లర్స్ కంపెనీలో ఇంజినీరు. 1892 అక్టోబరులో ఆ నగరపు ఇంజినీర్ల క్లబ్బులో ఆయన ఒక పత్రం చదివాడు. ఈనాటికీ మన పాఠ్యపుస్తకాల్లో ఉన్న సూత్రం అందులోనిదే.

ఆయన ఆలోచన చాలా సరళమైనది. పన్ను అంటే ఒక చివర బిగించిన పొట్టి దూలం. గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన దూలం కొనమీద బరువు వేలాడదీస్తే ఏమవుతుంది? గోడ దగ్గర వంగి విరగాలని చూస్తుంది. అలాగే ఎదుటి పన్ను తోపు మొత్తం ఈ పంటి కొనమీద పడిందనుకుందాం. అప్పుడు పన్ను ఎక్కడ విరుగుతుంది? దీనికి లూయిస్ ఒక చక్కని ఉపాయం పన్నాడు. అన్ని చోట్లా సమాన బలం ఉండే దూలం ఆకారం పరావలయం. అలాంటి పరావలయాన్ని పంటి బొమ్మ లోపల గీస్తే, అది పంటి అంచును తాకే చోటే బలహీనమైన చోటు. అక్కడి మందాన్ని కొలిచి ప్రతి ఆకారానికీ ఒక గుణకం కట్టాడు. సూత్రం ఇలా వచ్చింది:

బలం = ప్రతిబలం × వెడల్పు × వృత్తీయ పిచ్ × రూప గుణకం

20 డిగ్రీల పూర్తి ఎత్తు పళ్ళకు రూప గుణకం సుమారుగా 0.154 – (0.912 ÷ పళ్ళ సంఖ్య). 12 పళ్ళకు ఇది 0.078. వృత్తం కాకుండా నిటారు పట్టీ మీద పళ్ళు కోస్తే, అంటే ర్యాక్ అయితే, 0.154. చూశారా! అదే మాడ్యూలు, అదే లోహం అయినా ర్యాక్ పన్ను 12 పళ్ళ పినియన్ పంటికి దాదాపు రెట్టింపు భారం మోస్తుంది. ఈ సంగతి లూయిస్‌కు ముందున్న సూత్రాల్లో చాలావాటికి తెలియదు. ఆకారానికీ బలానికీ ఉన్న సంబంధాన్ని లెక్కలోకి తేవడమే ఆయన చేసిన అసలు మేలు. ఈ భాగం ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

ఆ పత్రంలో ఇంకొక మంచి గుణం ఉంది. అది నిజాయితీ. ఏ లోహానికి ఎంత ప్రతిబలం అనుమతించవచ్చు అన్నది జాగ్రత్తగా ప్రయోగాలు చేస్తేనే తేలుతుందనీ, అప్పటికి తేలలేదనీ లూయిస్ స్పష్టంగా చెప్పాడు. వేగం పెరిగేకొద్దీ ప్రతిబలాన్ని తగ్గిస్తూ ఒక పట్టిక మాత్రం ఇచ్చాడు. పోత ఇనుముకు నిమిషానికి 100 అడుగుల వేగం దగ్గర చదరపు అంగుళానికి 8,000 పౌన్లు అయితే, 600 అడుగుల దగ్గర 4,000, 2,400 అడుగుల దగ్గర 1,700 పౌన్లు. ఇవి అనుభవంతో వేసిన అంకెలు. తర్వాత కార్ల్ బార్త్ ఈ పట్టికను ఒక చిన్న సూత్రంగా మార్చాడు. అదే మీరు వాడే వేగ గుణకం: 3 ÷ (3 + వేగం), వేగం సెకనుకు మీటర్లలో.

అంటే మొదట ఒక అంచనా, ఆ అంచనాకు ఒక సూత్రం, ఆ సూత్రానికి పాఠ్యపుస్తకంలో ఒక చోటు. మూడో మెట్టు దగ్గరకు వచ్చేసరికి అది అంచనా అన్న సంగతి అందరూ మరచిపోయారు!

లెక్క చేసి చూద్దాం

మొదట ఇచ్చిన ప్రశ్ననే తీసుకుందాం. 20 పళ్ళకు రూప గుణకం 0.154 – 0.0456 = 0.1084. మాడ్యూలు 10 కనుక వృత్తీయ పిచ్ 31.416 మి.మీ. కాబట్టి బలం = 100 × 100 × 31.416 × 0.1084 = 34,055 న్యూటన్లు. సుమారు మూడున్నర టన్నుల బరువు.

పళ్ళ వేగం సెకనుకు 3 మీటర్లనుకుంటే బార్త్ గుణకం సరిగ్గా సగం. భారం 17 కిలో న్యూటన్లకు దిగుతుంది. ఈ గేరు 51 కిలోవాట్లు, అంటే దాదాపు 68 హార్స్‌పవర్ మోయగలదని జవాబు.

ఇప్పుడు పుస్తకంలో తర్వాతి పేజీ తిప్పండి. ఇంకొంచెం శ్రద్ధగా కోసిన గేర్లకు 6 ÷ (6 + వేగం) వాడమని ఉంటుంది. అలా చేస్తే భారం 22.7 కిలో న్యూటన్లు. పన్ను అదే, లోహం అదే. గేరు 'శ్రద్ధగా' కోసినదా కాదా అన్న ఒక్క మాటతో జవాబు 33 శాతం మారిపోయింది. అలాంటప్పుడు 34,055లోని చివరి 55కి అర్థమేమిటి?

సూత్రం చూడని నాలుగు సంగతులు

మొదటిది, పంటి మొదట్లో ఉన్న వంపు. పన్ను చక్రంలో కలిసేచోట ఫిల్లెట్ అనే చిన్న గుండ్రని మలుపు ఉంటుంది. ఆకారం ఒక్కసారిగా మారేచోట ప్రతిబలం గుమికూడుతుంది. కాగితం అంచున చిన్న చీలిక పెడితే అక్కడినుంచే చిరగడం మీకు తెలిసిందే. లూయిస్ లెక్కలో ఈ గుమికూడడం లేదు. 1942లో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో డోలన్, బ్రోగామర్ అనే పరిశోధకులు పారదర్శకమైన పళ్ళ నమూనాలు చేసి, వాటిమీద భారం పెట్టి, ధ్రువిత కాంతిలో చూశారు. ప్రతిబలం ఎక్కువున్న చోట రంగు చారలు దగ్గరదగ్గరగా కనిపిస్తాయి. వారి ఫలితాల ప్రకారం మామూలు పంటికి మొదట్లోని అసలు ప్రతిబలం సాదా లెక్కకు సుమారు ఒకటిన్నర రెట్లు ఉండగలదు. మలుపు ఎంత పదునుగా ఉంటే అంత ఎక్కువ.

రెండవది, కాలం. మన పినియన్ నిమిషానికి సుమారు 286 చుట్లు తిరుగుతుంది. ప్రతి పన్నూ చుట్టుకొకసారి వంగుతుంది. రోజంతా నడిస్తే నాలుగు లక్షలకు పైగా వంపులు. 24 రోజులు గడిచేసరికి కోటి! ఒకసారి నిలిచిన భారానికే లోహం కోటిసార్లు నిలవకపోవచ్చు. దీన్నే లోహపు అలసట అంటారు. జర్మన్ ఇంజినీరు ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసులమీద ప్రయోగాలు చేసి ఈ సంగతిని 1850లు, 60లలోనే చూపించాడు. ఇంకో చిక్కు చూడండి. రెండు చక్రాల మధ్య దిక్కు మార్చడానికి పెట్టే ఐడ్లర్ గేరు పన్ను ప్రతి చుట్టులోనూ ఒకసారి ఇటు, ఒకసారి అటు వంగుతుంది. అందుకే దాని అనుమత ప్రతిబలాన్ని 70 శాతానికి తగ్గించమని అమెరికన్ గేరు తయారీదారుల సంఘం ప్రమాణం చెబుతుంది. లూయిస్ సూత్రానికి ఐడ్లరుకూ మామూలు గేరుకూ తేడా తెలియదు.

మూడవది, పంటి ఉపరితలం. రెండు పళ్ళు తాకేది ఒక సన్నని పట్టీమీద. ఆ తాకిడిలో పుట్టే పీడనాన్ని లెక్కకట్టే పద్ధతిని హైన్రిచ్ హెర్ట్జ్ 1880ల తొలి సంవత్సరాల్లోనే ఇచ్చాడు. రేడియో తరంగాలను కనుగొన్న హెర్ట్జే ఈయన. మన పినియన్ 60 పళ్ళ ఉక్కు చక్రాన్ని తిప్పుతోందనుకుని ఆ పద్ధతిలో లెక్క వేయండి. 17 కిలో న్యూటన్ల భారానికి తాకే పట్టీ వెడల్పు అర మిల్లీమీటరు కూడా ఉండదు. అక్కడి పీడనం చదరపు మిల్లీమీటరుకు సుమారు 500 న్యూటన్లు. అదే భారానికి లూయిస్ లెక్క ప్రకారం పంటి మొదట్లో ఉన్న ప్రతిబలం 50 మాత్రమే. పదింతల తేడా! వీటిలో ఒకటి ఒత్తే బలం, మరొకటి లాగే బలం కనుక నేరుగా పోల్చి ఇది ఎక్కువ, అది తక్కువ అనలేం. కానీ మెత్తని ఉక్కుతో చేసిన గేరులో పన్ను విరగడానికి చాలా ముందే ఉపరితలంమీద చిన్నచిన్న గుంటలు పడడం ఎందుకు కనిపిస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది. ఆ గుంటలకు కారణమైన పగులు తరచుగా ఉపరితలానికి కాస్త కింద, బయటికి కనిపించని చోట మొదలవుతుంది.

నాలుగవది, అసలు భారమే. లూయిస్ భారం పంటి వెడల్పు పొడుగునా సమానంగా పడుతుందనుకున్నాడు. బాగా అమర్చిన యంత్రంలో ఇది న్యాయమే. కానీ భారీ యంత్రంలో ఇరుసు వంగుతుంది, బేరింగు అరుగుతుంది, పునాది కుంగుతుంది. అప్పుడు భారమంతా పంటి ఒక మూలకు చేరుతుంది. పైగా పళ్ళ కోతలో చిన్న తేడా ఉన్నా వేగంలో అది సుత్తి దెబ్బలా పనిచేస్తుంది. ఈ సంగతిని తేల్చడానికి పూనుకున్నవాళ్ళలో లూయిస్ కూడా ఉన్నాడు. అమెరికన్ మెకానికల్ ఇంజినీర్ల సంఘం వేసిన పరిశోధన సంఘానికి ఆయనే నాయకత్వం వహించాడు. 1929లో ఆయన మరణించాక, ఆ ప్రయోగాల ఫలితాలతో ఎర్ల్ బకింగ్‌హామ్ 1931లో గతిజ భారాలపై నివేదిక వెలువరించాడు. తన పట్టిక చాలదని లూయిస్‌కే తెలుసుననడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

తప్పులు ఒకదాన్నొకటి కప్పుకుంటే

ఇన్ని లోపాలుంటే ఈ సూత్రంతో చేసిన గేర్లు వందేళ్ళకు పైగా ఎలా నడిచాయి అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న.

లూయిస్ భారమంతా ఒకే పంటి కొనమీద పడుతుందనుకున్నాడు. నిజానికి బాగా కోసిన గేర్లలో పంటి కొన తాకే సమయానికి పక్కన ఇంకో జత పళ్ళు కూడా తాకుతూ భారాన్ని పంచుకుంటాయి. ఒక్క జతే మొత్తం భారం మోసే వేళకు తాకిడి పంటి కొననుంచి కిందికి జారి ఉంటుంది. అందువల్ల వంచే బలం లూయిస్ అనుకున్నదానికన్నా తక్కువ. అంటే ఒక వైపు మలుపు దగ్గరి ప్రతిబలాన్ని తక్కువ చేసి చూపిన సూత్రమే, మరో వైపు భారం పడే చోటును ఎక్కువ చేసి చూపింది. ఈ రెండు తప్పులూ ఎదురెదురుగా నిలిచి చాలామేరకు ఒకదాన్నొకటి కప్పేశాయి. దానికి తోడు, నెమ్మదిగా తిరిగే, మోటుగా చేసిన పోత ఇనుప గేర్లలో పన్ను విరగడమే ముఖ్యమైన ప్రమాదం. అక్కడ సూత్రం సరిపోయింది.

చిక్కల్లా గేరు మారినప్పుడు వస్తుంది. లోహం గట్టిపడి, వేగం పెరిగి, బరువు తగ్గించాల్సి వచ్చినప్పుడు ఆ రెండు తప్పులూ మునుపటిలా సరితూగుతాయన్న హామీ లేదు. జవాబు సరిగా రావడం వేరు, సరైన కారణానికి సరిగా రావడం వేరు.

2016: పన్ను గట్టిదే, గేరు విరిగింది

ఇదంతా కాగితం మీది చర్చ కాదని చెప్పడానికి ఒక ఉదాహరణ. 2016 ఏప్రిల్ 29న నార్వేలో టురోయ్ దీవి దగ్గర ఒక ఈసీ 225 హెలికాప్టర్ కూలిపోయింది. ఎగురుతుండగానే దాని ప్రధాన రోటరు ఊడిపోయింది. లోపలున్న 13 మందీ మరణించారు. నార్వే ప్రమాద దర్యాప్తు సంస్థ 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం, గేరు పెట్టెలోని ఎనిమిది ప్లానెట్ గేర్లలో ఒకటి అలసటతో విరిగింది.

ఎక్కడ మొదలైంది ఆ పగులు? పంటి మొదట్లో కాదు. ఆ గేరు లోపలి ముఖమే బేరింగుకు బయటి దారి. ఆ దారిమీద సూక్ష్మమైన ఒక గుంట దగ్గర పగులు పుట్టింది. ఉపరితలం కిందినుంచి పాకుతూ, పళ్ళవైపు తిరిగి, గేరు వలయాన్ని చీల్చింది. అలాంటి నష్టాన్ని ముందుగా పసిగట్టాల్సిన ఏర్పాట్లు దాన్ని పట్టుకోలేకపోయాయి.

ఆ గేరును ఎవరూ లూయిస్ సూత్రంతో తయారుచేయలేదు. అత్యాధునిక పద్ధతులతో చేసినదే. అయినా అది మనకొక సంగతి చెబుతోంది: పంటి వంపు బలం ఎంత సూక్ష్మంగా లెక్కకట్టినా, గేరు విరగడానికి వేరే దారులు ఉన్నాయి. ఒక్క దారినే నేర్పి దానికి 'పంటి బలం' అని పేరు పెడితే, మిగతా దారులు విద్యార్థి కంటికి ఆనవు.

కంప్యూటరు ఉందిగా!

ఇప్పుడు అంతా కంప్యూటరు చూసుకుంటుందని కొందరంటారు. 1996లో మొదటిసారి వెలువడి తర్వాత సవరణలు పొందిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6336 నిజంగానే పైన చెప్పిన సంగతుల్లో చాలావాటికి విడివిడిగా గుణకాలు ఇస్తుంది. వంపుకు ఒక లెక్క, ఉపరితలానికి మరో లెక్క, గతిజ భారానికి ఒకటి, వెడల్పు పొడుగునా భారం పంపిణీకి ఇంకొకటి. ఇది పెద్ద ముందడుగు.

కానీ అందులో వినియోగ గుణకం అని ఒకటుంది. విద్యుత్ మోటారు ఒడుదుడుకులు లేని యంత్రాన్ని తిప్పితే 1. మధ్యస్థమైన కుదుపులుంటే 1.5. తీవ్రమైన కుదుపులుంటే 1.75. మీ చెరకు మిల్లు కుదుపు మధ్యస్థమా, తీవ్రమా? దీన్ని కంప్యూటరు చెప్పలేదు. మిల్లు దగ్గర నిలబడి చూసినవాడు చెప్పాలి. ఆ ఒక్క ఎంపికతో జవాబు దాదాపు 17 శాతం మారుతుంది. అయినా తెరమీద దశాంశ బిందువు తర్వాత నాలుగు అంకెలు మెరుస్తూనే ఉంటాయి!

మరి ఏం చేయాలి?

లూయిస్ సూత్రాన్ని సిలబస్ నుంచి తీసేయమని కోరడం లేదు. మొదటిసారి నేర్చుకునేవారికి అంత సరళమైన మెట్టు ఇంకొకటి దొరకదు. పన్ను ఒక దూలం అన్న ఆలోచన ఒక్కసారి పట్టుబడితే మిగతాదంతా దానిమీద కట్టుకోవచ్చు. కొందరు అధ్యాపకులు "ప్రారంభ దశలో ఇన్ని చిక్కులు చెబితే పిల్లలు బెదిరిపోతారు" అంటారు. ఆ భయం కొంత నిజమే. కానీ సూత్రం ఏ ఊహల మీద నిలబడిందో చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు. అది చెప్పకపోతే వచ్చే నష్టం విద్యార్థి ఉద్యోగంలో చేరాక బయటపడుతుంది.

ఈసారి మీరు పంటి బలం లెక్క చేసినప్పుడు జవాబు కింద నాలుగు వాక్యాలు రాసి చూడండి. పంటి మొదటి మలుపు ఎంత? ఈ పన్ను తన జీవితంలో ఎన్నిసార్లు, ఎటువైపు వంగుతుంది? ఉపరితలంమీద పీడనం ఎంత? భారం నిజంగా వెడల్పంతా పడుతుందా, కుదుపులెంత? జవాబులు తెలియకపోతే ప్రశ్నలే రాయండి. 48 సూత్రాల గందరగోళంలో నిలబడి, తనకు తెలిసినదేదో తెలియనిదేదో విడదీసి చెప్పిన లూయిస్ పద్ధతి కూడా అదే.

ఆ నాలుగు వాక్యాలకు ఇప్పుడు పరీక్షలో మార్కులు లేవు. ప్రశ్నపత్రం తయారుచేసేవారు వాటికి కనీసం రెండు మార్కులైనా కేటాయించాలని మనవి.